సంధి, గుండె, జ్వరము: వార్ధక్యమున మఱుఁగుపడిన యొక సంబంధము

జ్వరతీవ్రతచేఁ దెలివి తప్పి పలవరించు స్థితికిఁ దెలుఁగునాట సంధి యని పేరు. సంధి యనఁగాఁ గూడిక. సంస్కృతవైద్యగ్రంథములు దీనినే సన్నిపాతలక్షణముగాఁ జెప్పినవి; వాతపిత్తకఫములు మూఁడును ఒక్కమాఱుగాఁ బ్రకోపించి కలిసిపడుట యని యా మాటకు భావము. రెండు పదములును చేరికనే తెలుపుచున్నవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోమకుఁడగు సెల్ససు తన వైద్యగ్రంథమున నీ స్థితికి డెలీరియ మను మాటను వాడెను. ఆ మాటలోని లీర యను ధాతువునకు నాఁగటిచాలు అని యర్థము. చాలు తప్పిన నాఁగలివలె బుద్ధి తన త్రోవను విడిచినదని రోమకుల యూహ. తెలుఁగుపేరు కారణమును జెప్పఁబూనినది. లాటినుపేరు కంటికిఁ గనఁబడు రూపమును జెప్పినది.

ఈ పదముల ముచ్చట పండితుల వినోదమునకు మాత్రమే కాదు. డెబ్బదియేండ్లు దాఁటిన యొక ముదుసలికి జలుబును జ్వరమును వచ్చి, రెండవనాఁడు పేరులు మఱచి, మూఁడవనాఁడు ఛాతిలో నొప్పి యేమియు లేకయే గుండె యాగిపోయిన చో, ఆ మరణమును ఏ పేర వ్రాయవలెను? జ్వరమనియా, మతిభ్రమయనియా, హృద్రోగమనియా, కేవలము వృద్ధాప్యమనియా? రెండువేల యేండ్లుగా వైద్యులును, లెక్కలు వ్రాయువారును ఈ మూఁటిని వేఱువేఱు ఖాతాలలో వ్రాసిరి. అవి యొక్క ఖాతాలోనివే యని తెలిసికొనుటకుఁ బట్టిన కాలము మిక్కిలి దీర్ఘము. ఆ యాలస్యమునకుఁ బ్రాణములే మూల్యమైనవి.

గ్రీకువైద్యులు హిప్పొక్రటీసునాఁటనుండి జ్వరముతోఁ గూడిన మతిచలనమును రెండు తెగలుగా విభజించిరి. రోగి యఱచి, లేచి పరుగెత్తి, లేనివానిని జూచుచుండిన నది ఫ్రెనైటిసు. అట్లుగాక మగతగాఁ బడియుండి, పిలిచినను పలుకక, అన్నపానములను మఱచిన నది లెథార్గసు. ఈ రెండును ఒకే రోగము యొక్క రెండు ముఖము లని వారు నిశ్చయముగాఁ దెలిసికొనలేదు. భరతఖండమున సుశ్రుతసంహిత యుత్తరతంత్రములో సన్నిపాతజ్వరమును వర్ణించుచు, అభిన్యాస మను నొక భేదమును జెప్పినది. అందు దేహము మిక్కిలి వేఁడిగాని మిక్కిలి చలువగాని కాక, సంజ్ఞ తగ్గి, చూపు చెదరి, కంఠస్వరము క్షీణించునని లక్షణములు గలవు. ఈ వర్ణన శ్రద్ధతోఁ జదువఁదగినది. జ్వరము పైకిఁ గనఁబడకుండఁగనే తెలివి తప్పుట యనునది నేఁటి వైద్యులు వృద్ధులయందుఁ దఱచుగాఁ జూచుచున్న రూపము. సుశ్రుతము వృద్ధులఁ బేర్కొని చెప్పలేదు; కాని చూచిన దానిని జూచినట్లు వ్రాసినది.

చరకసుశ్రుతులు హృదయమును జేతనకు స్థానముగాఁ జెప్పిరి. గ్రీసుదేశమున నరిస్టాటిలు మతమును నదియే. బుద్ధికి నెలవు మెదడే కాని గుండె కాదని తరువాతి శాస్త్రము స్థాపించినది. కావునఁ బ్రాచీనులు హృద్రోగమునకును సంధికిని గల సంబంధమును ముందే కనుగొనిరని చెప్పుట యతిశయోక్తి యగును. అయినను ఆంధ్రదేశపు వైద్యులు నిత్యము చేసెడి పనిలో నొక మేలు గలదు. సంస్కృతశ్లోకములతోఁ దెలుఁగును గలిపికొని యీ దేశమున మిక్కిలి ప్రచారము పొందిన బసవరాజీయము నాడీపరీక్షను బ్రధానముగాఁ జెప్పి, జ్వరములను సన్నిపాతభేదములను విస్తరించినది. పలవరించు రోగి చెంతఁ గూర్చున్న వైద్యుఁడు మొట్టమొదట మణికట్టు పట్టుకొనెడివాఁడు. అతఁడు మనస్సును గూర్చి యడుగుటకు ముందుగా గుండె నడకను వినుచుండెను. సిద్ధాంత మేదైనను, ఆ యలవాటు సరియైనదే.

వ్యక్తిని విడిచి సమూహమును జూచుట పందొమ్మిదవ శతాబ్దిలో మొదలాయెను. లండనులో జననమరణముల కార్యాలయమునఁ బనిచేసిన విలియము ఫార్ అను వైద్యుఁడు 1847వ సంవత్సరపుఁ జలికాలమున వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాను బరిశీలించెను. ఆ జ్వరము పేర వ్రాయఁబడిన మరణములు కొన్నియే. కాని యా వారములలో సాధారణముగాఁ జచ్చువారి సంఖ్యను దీసివేసి చూడఁగా, లండనులోనే సుమారు 5,000 మంది యధికముగా మరణించినట్లు తేలినది. ఆ యధికము ఇన్‌ఫ్లుయెంజా గడిలో లేదు. శ్వాసరోగముల గడిలోను, ఇతరరోగముల గడులలోను చెదరియున్నది. వయస్సునుబట్టి చూడఁగా, పెరుగుదల పిల్లలలో కంటెను, నడివయస్సువారిలో కంటెను ముదుసళ్లలోనే యెక్కువగాఁ గానవచ్చెను. మరణకారణముగా నేమి వ్రాసిరో చూచుట చాలదు, ఎందఱు ఎక్కువగాఁ జచ్చిరో చూడవలయు నను నీ పద్ధతి నేఁటికిని నిలిచియున్నది.

1889వ సంవత్సరాంతమున సెంట్‌పీటర్సుబర్గునుండి బయలుదేఱి, రైళ్లమీఁదను ఓడలమీఁదను ప్రపంచమంతయుఁ దిరిగిన మహాజ్వరము 1890లో నిండియాను జేరెను. దాని తరువాతి సంవత్సరములలో ఐరోపా వైద్యపత్రికలు రెండు విధములైన వ్యాసములతో నిండెను. జ్వరము తగ్గినపిదప నాడి తడఁబడుటను, గుండె నీరసించుటను, హఠాత్తుగాఁ బ్రాణము పోవుటను గూర్చి కొందఱు వ్రాసిరి. జ్వరానంతరము కలుగు మతిభ్రమలను గూర్చి మఱికొందఱు వ్రాసిరి. 1893లో జూలియసు ఆల్తౌసు వ్రాసిన వ్యాస మిట్టిది. ఒకే రోగి మంచముచెంత నీ యిరుతెగలవారును నిలిచియుండవచ్చును. కాని గుండెవైద్యుఁ డొక పత్రికకును, మనోవైద్యుఁ డొక పత్రికకును వ్రాసికొనుటచే వారి యనుభవములు కలియలేదు.

1918వ సంవత్సరపు మహామారి యీ విషయమున నొక విపరీతఫలమును గలిగించెను. ఆ యేఁటి జూన్ నెలలో బొంబాయి రేవున మొదలైన జ్వరము శరత్కాలమున రెండవమాఱు విజృంభించి, యీ దేశమున నొక కోటి యిరువదిలక్షలు మొదలుకొని రెండు కోట్లవఱకుఁ బ్రజను బొట్టపెట్టుకొన్నదని యంచనాలు గలవు. అందు నధికభాగము ఇరువదికిని నలువదికిని నడుమనున్న వయస్సువారు. కోడలును గొడుకును బోయి, మూలనున్న ముదుసలి మిగిలిన యిండ్లు లెక్కలేనివి. దానితో నిన్‌ఫ్లుయెంజా యనఁగా యువకులఁ గొనిపోవు రోగమను భావము జనులలో నిలిచిపోయెను. ఆ యొక్క సంవత్సర మట్లుండుట నిజమే. తక్కిన యేండ్లలో నది ప్రధానముగా వృద్ధుల మృత్యువు.

మదరాసు రాజధానిలోని తెలుఁగుజిల్లాలలో మరణములను వ్రాయువాఁడు గ్రామమునసబు. అతఁడు వైద్యుఁడు కాఁడు. ప్రభుత్వ మిచ్చిన పట్టికలో విషూచి, మశూచి, ప్లేగు, జ్వరములు, విరేచనములు, శ్వాసరోగములు, గాయములు, ఇతరకారణములు అను గడులు మాత్రమే యుండెను. ముదుసలి పలవరించి చనిపోయెనని యింటివారు చెప్పినను, అతఁడు జ్వరములలోనో యితరములలోనో వ్రాసికొని పోవలసినదే. ఆ పట్టికలను నేఁడు తిరుగవేసిన వారికి నెన్ని గుండెలు ఆ జ్వరములలో నాగిపోయినవో తెలియరాదు. సంధి పుట్టినదన్నఁ దులసితీర్థమునకు వేళయైనదని చుట్టములకుఁ గబురుచేయుట తెలుఁగిండ్లలో నాచారమై యుండెను. సంధిని మరణమునకు ముందు వచ్చు దూతగా జూచిరేకాని, మాన్పఁదగిన మఱియొక రోగము చూపు గుఱుతుగాఁ జూడలేదు. ఇందుకు వారిని దప్పుపట్టరాదు. నాఁటి పట్నపు వైద్యశాలలలోను అంతకంటె నెక్కువ తెలియదు.

తెలిసికొనవలెనను యత్నము మాత్రము సాగుచునే యుండెను. 1912లో షికాగో వైద్యుఁడు జేమ్సు హెర్రిక్కు గుండె రక్తనాళమున నెత్తురు గడ్డకట్టినను రోగి వెంటనే చావనక్కఱలేదనియు, ఆ స్థితిని బ్రతికియుండఁగనే గుర్తింపవచ్చుననియుఁ జూపెను. అంతకుముందు నట్టి మరణములు చాలవఱకు శవపరీక్షలలోనే బయటపడుచుండెను. 1919లో కార్లు మెన్నింజర్ అను యువవైద్యుఁడు బోస్టనులోని మానసికవైద్యశాలకు నిన్‌ఫ్లుయెంజా సంబంధముచే వచ్చిన నూఱుమందిని బరిశీలించి, వారి మతివికారములను దెగలుగా విభజించెను, డెలీరియ మందొకటి. 1932లో సెల్విన్ కాలిన్సు అను అమెరికా గణకుఁడు ఫార్ చూపిన త్రోవను బట్టి, ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన వారములలో నా జ్వరము పేరను న్యుమోనియా పేరను గాక, హృద్రోగము మున్నగు నితరకారణముల పేర వ్రాయఁబడిన మరణములును బెరుగుచున్నవని లెక్కలతో నిరూపించెను. మఱుసటియేఁడు, 1933లో, లండనులో విల్సన్ స్మిత్తు, ఆండ్రూసు, లెయిడ్లా యను మువ్వురు మనుష్యులకు వచ్చు నిన్‌ఫ్లుయెంజా వైరసును ఫెరెట్ అను ముంగిసవంటి జంతువులయందు నెలకొల్పి వేఱుచేసిరి. రోగకారకము దొరకినది, లెక్కలు దొరకినవి. నడుమనున్న త్రోవ యింకను గనఁబడలేదు.

సంధి విషయమున మొదటి తెరవు వేఱొకదిక్కునుండి వచ్చెను. గుండెజబ్బునకు డిజిటాలిసు ఆకును వాడు విధమును 1785లో విలియము విథరింగు ప్రకటించెను. ఆ మందే మోతాదు మించినచో మతి చలింపఁజేయునని 1874లో ఫ్రెంచివైద్యుఁడు డ్యురోజియే వ్రాసెను. గుండెకుఁ జేసిన వైద్యమే బుద్ధిని దాఁకుట దీనివలనఁ దెలిసినది. తెలుఁగువారు ఉమ్మెత్త తిన్నవాని వెఱ్ఱిని జిరకాలమునుండి యెఱుఁగుదురు. ఉమ్మెత్తలోని సారము మెదడులో నసిటైల్‌కోలీను అను రసాయనము చేయు పనిని అడ్డగించుననియు, అదియే యా వెఱ్ఱికిఁ గారణమనియు నిటీవలి శాస్త్రము. జలుబునకును నిద్రకును అంగడిలో దొరకు కొన్ని మందులకు నీ గుణమే స్వల్పముగాఁ గలదు. జ్వరము వచ్చిన ముదుసలికి నిద్రపట్టుటకై యిచ్చు బిళ్ల యొక్కొకప్పుడు సంధిని దెచ్చుట కిది హేతువు.

1944లో అమెరికాలో జాన్ రొమానో, జార్జి ఏంగెల్ అను నిరువురు డెలీరియములో నున్నవారి మెదడు విద్యుత్తరంగములను గొలిచి, యవి మందగించుచున్నవనియు, రోగము కుదిరినపుడు మరల వేగము పొందుచున్నవనియుఁ గనుగొనిరి. 1959లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున వారు డెలీరియమును మెదడు చాలకపోవుటగా నిర్వచించిరి. గుండె చాలకపోయినప్పుడు కాళ్లు నీరుపట్టును, మూత్రపిండములు చాలకపోయినప్పుడు నెత్తురు చెడును. అట్లే మెదడు చాలకపోయినప్పుడు తెలివి కలఁతపడును. అయినను గుండె చాలకపోయిన రోగిని వైద్యుఁడు తన రోగిగా నెంచును. మెదడు చాలకపోయినవానిని ముదుసలితన మని విడుచును. ఆ యిరువురు పోరాడినది యీ భేదముతోనే. అఱచువానిని నలుగురు చూతురు. మగతగాఁ బడియున్నవాఁడు నిద్రించుచున్నాఁడని యనుకొందురు. గ్రీకుల లెథార్గసు, సుశ్రుతుని అభిన్యాసము ఇట్లే కనుమఱుఁగై యుండెను.

జ్వరమునకును గుండెకును గల నడిమిత్రోవను గొలిచిన పరిశోధనలు ఇరువదియొకటవ శతాబ్దిలోనివి. 2004లో ఇంగ్లండు వైద్యుల రోగిపట్టికలను బరిశీలించి, శ్వాసకోశమునకు సాంక్రామికము తగిలిన మొదటి మూఁడుదినములలో గుండెపోటు సంభవము సుమా రైదురెట్లు పెరుగునని స్మీత్ మున్నగువారు తెలిపిరి. 2018లో కెనడాలోని ఒంటారియోనుండి క్వాంగు మున్నగువారు, పరీక్షలో నిన్‌ఫ్లుయెంజా యని నిర్ధారణయైన వారి వృత్తాంతములనే గైకొని, తొలి యేడుదినములలో నా సంభవ మాఱురెట్లని లెక్కించిరి. ఒకే మనిషి యొక్క రోగదినములను, అతని తక్కిన దినములను బోల్చుటయే ఈ లెక్క యొక్క బలము. పొగత్రాగుటయో, మధుమేహమో కారణమన్న, నవి యా రెండుకాలములందును అతనియందే కలవు గదా.

దాని క్రమ మిట్టిది. జ్వర మొక్కొక్క డిగ్రీ హెచ్చుకొలఁది నాడి నిమిషమునకు సుమారు పదిమాఱు లధికముగాఁ గొట్టును. గుండెకుఁ బని పెరుగును. ఊపిరితిత్తులు చెడుటచేఁ బ్రాణవాయువు తగ్గును. ముదిమిచే గట్టిపడి యిఱుకైన నాళములు ఆ కొఱఁతను దీర్పలేవు. వైరసుతోఁ బోరాడుటకు దేహము పుట్టించు వాపు నాళపుగోడలలోని క్రొవ్వుపొరలను బగులఁజేయును. నెత్తురు సులభముగా గడ్డకట్టును. ఆ వాపు చిహ్నములే మెదడును జేరి యచ్చటి కణములను గలఁచును. ఇదివఱకే గుండె బలహీనమై మెదడునకు నెత్తురు చాలక యున్నచో, అల్పకారణమే మతిని గదల్చును. కావున సంధియు గుండెపోటును ఒక్క చెట్టుకు రెండు కొమ్మలు. ముదుసలియందు గుండెపోటు నొప్పి లేకయే వచ్చి, కేవలము తడఁబాటుగాఁ గనఁబడుటయుఁ గలదు. అట్టిచోటఁ గొమ్మయే కనఁబడును, చెట్టు కనఁబడదు.

2020లో కోవిడు మహామారి వచ్చినపు డీ పాఠమును మరల మొదటినుండి చదువవలసివచ్చెను. జ్వరము, దగ్గు, ఊపిరాడమి యను గుఱుతులను జూచి రోగిని బట్టుకొనుఁ డని ప్రభుత్వములు చాటింపు వేసినవి. అదే సంవత్సరమున అమెరికాలోని అత్యవసరవైద్యశాలలకుఁ గోవిడుతో వచ్చిన 817 మంది వృద్ధులను బరిశీలింపఁగా, నూటికి 28 మందికి డెలీరియ ముండెను. వారిలో నూటికి 37 మందికి జ్వరముగాని, ఊపిరాడమిగాని మున్నగు సాధారణలక్షణము లేవియు లేవు. చాటింపులోని గుఱుతులనుబట్టి వెదకినవారికి వీరు దొరకరు. పైఁగా సాంక్రామికభయముచే బంధువులను లోనికి రానీయలేదు. ముఖములు కప్పుకొన్న పరిచారకుల నడుమ, కంటియద్దములును వినికిడియంత్రములును నింటనే మఱచి వచ్చిన ముదుసలి యొంటరిగాఁ బండుకొనెను. సంధిని బెంచుట కింతకన్నఁ దగిన పరిస్థితి వేఱొకటి లేదు. ఫార్ పద్ధతియు నప్పుడే మరల ముందుకు వచ్చెను. 2020, 2021 సంవత్సరములలో నిండియాలో సుమారు 47 లక్షల మంది యధికముగా మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ 2022లో నంచనా వేయఁగా, ప్రభుత్వలెక్కలో కోవిడు మరణములు 4.8 లక్షలే. భారతప్రభుత్వ మా యంచనాపద్ధతిని ద్రోసిపుచ్చెను. వివాద మేమైనను, మరణము నే గడిలో వ్రాయవలెనను 1847 నాఁటి ప్రశ్న తీఱలేదని యిందువలనఁ దెలియుచున్నది.

ఈ చరిత్ర నిరాశతో ముగియదు. 1999లో అమెరికాలో షారన్ ఇనోయె మున్నగువారు 852 మంది వృద్ధరోగులలో సగముమందికి మందులుగాని యంత్రములుగాని లేని యుపచారములు చేయించిరి: తేదీని దెలియఁజెప్పుట, కంటియద్దములు పెట్టుట, నీరు త్రాగించుట, లేపి నడిపించుట, రాత్రి సందడి తగ్గించుట. అట్టి యుపచారము పొందినవారిలో నూటికి 9.9 మందికిని, పొందనివారిలో నూటికి 15 మందికిని డెలీరియము కలిగెను. 2021లో ప్రకటింపఁబడిన మఱియొక పరిశోధనలో గుండెపోటువచ్చి వైద్యశాలలోనున్న 2,571 మందిలో సగముమందికి నిన్‌ఫ్లుయెంజా టీకా వేయఁగా, ఏఁడాదిలోపల మరణము, మరల గుండెపోటు, అమర్చిన గొట్టమున నెత్తురు గడ్డకట్టుట యనువానిలో నేదైనను సంభవించినవారు టీకా పొందినవారిలో నూటికి 5.3, పొందనివారిలో 7.2. జ్వరమును నివారించుట హృద్రోగవైద్యములో నొక భాగమే యని యిందువలన స్థిరపడినది.

1990లో ఇనోయె మున్నగువారే సంధిని గుర్తించుట కొక సులభమైన పరీక్షను గల్పించిరి. అందు మొదటి ప్రశ్న రోగిని గూర్చినది కాదు, రోగి నెఱిఁగినవారిని అడుగవలసినది: ఈ మార్పు హఠాత్తుగా వచ్చినదా, గడియగడియకు మాఱుచున్నదా? వారముల పేర్లను వెనుకనుండి చెప్పుమని రోగి నడిగి యేకాగ్రతను దెలిసికొందురు; కాని మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసినది కొడుకో, కూఁతురో, కోడలో. "నిన్నటిదాఁక నిట్లు లేఁడు" అని యింటివారు పలుకు మాట యే యంత్రమునకును దొరకని సాక్ష్యము. పూర్వము ఆ మాట వినఁబడినంతనే తులసితీర్థము వెదకెడివారు. ఇప్పుడు వెదకవలసినది నాడిని, ఊపిరిని, గుండెను, రోగి మ్రింగిన మందులను. సంధి యనఁగాఁ గూడిక యని పెద్దలు పెట్టిన పేరు త్రిదోషసిద్ధాంతమును మించి యిట్లు సార్థకమైనది: జ్వరమును, గుండెయు, బుద్ధియుఁ గలిసిపడు తావు అదియే. ఆ మూఁటిని గలిపి చూచువారు చెంతనున్న ముదుసలి తిరిగి తన చాలులోఁ బడుటకు నవకాశ మధికము.